ఉప్పునీళ్ళలో ఈక ఎర: ఫ్లోరిడా కీస్‌లో ఫ్లై ఫిషింగ్ చరిత్ర

గాలపు వేటల్లో ఫ్లై ఫిషింగ్ తీరు వేరు. మామూలు గాలంలో ఎర బరువో సీసం గుండు బరువో తాడును లాక్కుపోతుంది. ఫ్లై అంటే కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు, దారం చుట్టి పురుగులాగో చిన్న చేపలాగో కట్టిన ఎర. అది ఊదితే ఎగిరిపోయేంత తేలిక. అందుకని బరువును తాడులోనే పెట్టారు. లావుపాటి తాడును కర్రతో వెనక్కీ ముందుకీ ఊపి వదిలితే, అది గాలిలో విచ్చుకుంటూ పోయి కొసనున్న ఫ్లైని నీటి మీద దించుతుంది. మాసిడోనియాలో కొక్కేలకు ఎర్ర ఉన్ని, కోడి ఈకలు కట్టి చేపలు పట్టేవారని సుమారు 1,800 ఏళ్ళ కిందటి రోమన్ రచయిత ఏలియన్ రాశాడు. తరువాతి కాలంలో ఈ విద్య బ్రిటన్ నదుల్లో ట్రౌట్, సాల్మన్ చేపల దగ్గర పదునెక్కి అమెరికా చేరింది. అప్పటికీ అది ప్రధానంగా మంచినీటి విద్యే. సముద్రంలో దానికి సొంత పద్ధతులు, సొంత పనిముట్లు ఏర్పడింది ఎక్కువగా ఫ్లోరిడా కీస్‌లో.

మయామీకి దిగువ నుంచి కీ వెస్ట్ దాకా విల్లులా వంగి, దాదాపు 200 కిలోమీటర్లు సాగే లంకల వరుస పేరు కీస్. ఒక పక్క అట్లాంటిక్ సముద్రం, రెండో పక్క ఫ్లోరిడా బే, దాని వెనక మెక్సికో గల్ఫ్. లంకల చుట్టూ చాలా దూరం వరకు మోకాలి లోతు, నడుము లోతు నీళ్ళే. అడుగున తెల్లటి సున్నపు బురద, సముద్రపు గడ్డి, అంచుల్లో మడచెట్లు. ఇంగ్లీషులో వీటిని ఫ్లాట్స్ అంటారు. కృష్ణా, గుంటూరు తీరాల్లో పర్రల మీదికి పోటు నీరు ఎక్కడం చూసినవారికి ఈ చోటు ఊహించుకోవడం కష్టం కాదు. పోటుకు లోతు నీళ్ళలోంచి చేపలు మేతకు ఈ మెరకల మీదికి వస్తాయి, పాటు తీయగానే దిగిపోతాయి.

అలా వచ్చే చేపల్లో మొదట చెప్పుకోవలసింది బోన్‌ఫిష్. నాలుగు కిలోలుంటే పెద్దదే. దాని పొలుసులు అద్దంలా చుట్టూ ఉన్న రంగునే చూపిస్తాయి కాబట్టి చేప కనబడదు, అడుగున దాని నీడ కదలడం కనబడుతుంది. రొయ్యలు, పీతల కోసం బురదలో మూతి పెట్టినప్పుడు మాత్రం తోక కొస నీటి పైకి వచ్చి తళుక్కుమంటుంది. పేరుకు తగ్గట్టే ఒళ్ళంతా ముళ్ళు. ముళ్ళకు జడిసి పులసను వదిలేసినవారు గోదావరి జిల్లాల్లో కనబడరు గానీ, కీస్ వంటిళ్ళలో బోన్‌ఫిష్‌కు అంత మర్యాద దక్కలేదు. రెండోది టార్పన్. మనిషంత పొడవు, 50 కిలోలకు మించిన బరువు, అరచేతంత పొలుసులు. గాలం పడితే నీటిలోంచి నిలువునా పైకి ఎగురుతుంది. దీని చిన్న బంధువు ఒకటి బంగాళాఖాతపు ఏటి మొగల్లోనూ ఉంది. మూడోది పర్మిట్. పీతలు తినే ఈ పలక చేప ఫ్లైని చూసి మొహం తిప్పుకోవడానికి పేరుమోసింది.

సముద్రపు చేపకు ఫ్లై వేయడం 19వ శతాబ్దంలోనే అక్కడక్కడా ఉంది. జేమ్స్ హెన్షాల్ అనే వైద్యుడు ఫ్లోరిడా తీరం వెంట చేసిన పడవ ప్రయాణాల్లో ఫ్లైతో రకరకాల ఉప్పునీటి చేపలు పట్టి, ఆ సంగతులు 1884లో పుస్తకంగా వేశాడు. మరుసటి ఏడు డబ్ల్యూ.హెచ్. వుడ్ అనే ఆయన పుంటా రస్సా దగ్గర 93 పౌన్ల టార్పన్‌ను కర్ర, రీలుతో పట్టాడు. అది ఎర గాలమే, ఫ్లై కాదు. అయినా అంత చేపను కర్రతో లొంగదీయవచ్చన్న వార్త ఫ్లోరిడాకు డబ్బున్న వేటగాళ్ళను రప్పించింది. 1911లో వచ్చిన ఏ.డబ్ల్యూ. డైమాక్ ‘ద బుక్ ఆఫ్ ద టార్పన్’లో తేలికపాటి ఫ్లై కర్రతో టార్పన్‌ను ఎదుర్కొన్న ముచ్చట్లున్నాయి; కొడుకు జూలియన్ తీసిన ఫొటోలు వాటికి సాక్ష్యం. ఇవన్నీ విడివిడి సాహసాలు. చూసి నేర్చుకుని కొనసాగించినవారు లేరు.

కొనసాగాలంటే ముందు మనుషులు ఆ లంకలకు చేరాలి. హెన్రీ ఫ్లాగ్లర్ వేసిన రైలు మార్గం 1912లో కీ వెస్ట్ చేరింది. దారిలో లాంగ్ కీ దగ్గర రైలు కంపెనీ నడిపిన వేట విడిదికి నవలాకారుడు జేన్ గ్రే వంటివారు ఏటేటా వచ్చేవారు. 1935 సెప్టెంబరు 2న వచ్చిన తుపాను ఆ విడిదిని తుడిచిపెట్టింది, రైలు కట్టను తెంచింది, 400 మందికి పైగా ప్రాణాలు తీసింది. రైలు మళ్ళీ నడవలేదు. మిగిలిన వంతెనల మీదుగా రోడ్డు వేసి 1938లో తెరిచారు. రైలెక్కి వచ్చే కొద్దిమంది షావుకార్ల స్థానంలో కార్లేసుకుని వచ్చే మధ్యతరగతి వేటగాళ్ళు మొదలయ్యారు. ఇస్లామొరాడా ఊళ్ళో వాళ్ళను పడవల మీద తిప్పే గైడ్లు స్థిరపడ్డారు. ఈ కథకు అసలు మొదలు అక్కడే.

1920లలో ఒకరిద్దరికి వేరే చేప కోసం వేసిన ఫ్లైకి బోన్‌ఫిష్ అనుకోకుండా తగిలిందంటారు. దాని కోసమే ఫ్లై వేసి పట్టినవాడిగా ఇస్లామొరాడా గైడు బిల్ స్మిత్ పేరు వినబడుతుంది, ఏడు 1939. అతని భార్య బోనీ స్మిత్ కూడా పడవ నడిపి, గెడ వేసి గైడుగా పేరు తెచ్చుకుంది. బోనీ చెల్లెలు ఫ్రాంకీ కూడా అదే పని చేసింది, మరో గైడు జిమ్మీ ఆల్‌బ్రైట్‌ను పెళ్ళాడింది. ఆ రోజుల్లో ఊళ్ళో ఈ విద్య అంతా దాదాపు ఒక్క కుటుంబంలో ఉందనవచ్చు.

1947 జూన్‌లో జో బ్రూక్స్ అనే పత్రికా రచయిత, మయామీ హెరాల్డ్ వేట శీర్షికల సంపాదకుడు ఆలెన్ కోర్సన్‌తో కలిసి ఆల్‌బ్రైట్ పడవ ఎక్కాడు. ఆల్‌బ్రైట్ గెడ వేస్తుంటే బ్రూక్స్ కనబడిన చేపకే గురిచూసి ఫ్లై వేసి బోన్‌ఫిష్‌లు పట్టాడు. స్మిత్ పట్టి ఎనిమిదేళ్ళయినా ఇదే ఆరంభంగా లెక్కకెక్కడానికి కారణం, బ్రూక్స్‌కు రాయడం వచ్చు. వరుస వ్యాసాలు, తరువాత 1950లో ‘సాల్ట్ వాటర్ ఫ్లై ఫిషింగ్’ పుస్తకం దేశమంతటికీ ఈ వేటను పరిచయం చేశాయి. ఆ పుస్తకం చదివి వచ్చినవారికి చేపను చూపించింది మాత్రం గైడు కన్నే. రెండు గజాల అవతల గడ్డి నీడకూ చేప నీడకూ తేడా తెలియని మనిషికి, వంద అడుగుల దూరాన చేప ఏ దిక్కుకు మూతి పెట్టిందో చెప్పి, గెడతో చప్పుడు కాకుండా పడవను గాలివాటుకు తిప్పి నిలబెట్టడం చిన్న పని కాదు. 1930ల చివర వచ్చిన పోలరాయిడ్ కళ్ళద్దాలు నీటి మీది మెరుపును కోసేసి ఈ పనిని కొంత తేలిక చేశాయి.

ఆల్‌బ్రైట్ పేరు ఒక ముడికి మిగిలింది. లావు తాడును సన్న తాడుకు కలపడం ఈ వేటలో పెద్ద చిక్కు. మామూలు ముడి జారుతుంది, లేదా కర్ర మీద తాడు దూరే కొంకీల్లో తట్టుకుంటుంది. ఆల్‌బ్రైట్ ముడిలో లావు తాడు కొసను మడిచి ఉచ్చులా పట్టుకుంటారు. సన్న తాడును ఆ ఉచ్చులోంచి దూర్చి, దాని మీదుగానూ ఉచ్చు రెండు పోగుల మీదుగానూ ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా పది చుట్లు చుట్టి, ఉచ్చు కొస దాకా వచ్చాక, దూర్చిన వైపు నుంచే మళ్ళీ బయటికి తీస్తారు. తడిపి మెల్లగా లాగితే చుట్లన్నీ సర్దుకుని బిగుస్తాయి. ముడి సన్నగా, నున్నగా ఉండి కొంకీల్లోంచి జారిపోతుంది. మంచినీటి వేటగాళ్ళు కూడా ఇప్పుడు ఇదే వేస్తారు.

పనిముట్లన్నీ వెనకబడే ఉన్నాయి. ట్రౌట్ రీలు తాడు చుట్టి పెట్టుకునే కండె లాంటిది. చేప లాగితే ఆపే బలం దానికి లేదు. బోన్‌ఫిష్ ఒక్క పరుగులో వంద మీటర్ల తాడు లాగేస్తుంది. ఫ్లై తాడు పొడవు 30 మీటర్లలోపే కనుక వెనక సుమారు 200 మీటర్ల సన్న తాడు, దాన్ని కాలిపోకుండా వదిలే బ్రేకు కావాలి. మయామీలో బాబ్ మెక్‌క్రిస్టియన్ లేత్ మీద తయారుచేసిన సీమాస్టర్ రీళ్ళు, ఫిన్-నార్ కంపెనీ రీళ్ళు ఆ కొరత తీర్చాయి. చీల్చి అతికిన వెదురు కర్రలు ఉప్పుకు, పెద్ద చేపల లాగుడుకు ఆగేవి కావు. పట్టు తాడును ఏ రోజుకు ఆ రోజు విప్పి ఆరబెట్టి కొవ్వు పూయకపోతే కుళ్ళిపోయేది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఫైబర్‌గ్లాస్ కర్ర, నైలాన్ దారం, 1950లలో ప్లాస్టిక్ పూత తాడు వచ్చి ఈ బాధ తప్పించాయి. 1973లో గ్రాఫైట్ కర్ర వచ్చింది.

గాలి మరో శత్రువు. నదీ లోయల్లో చెట్ల చాటున వేసినట్టు కీస్‌లో తాడు వేస్తే అది తిరిగి మొహానికే కొడుతుంది. కుడిచేత్తో కర్ర ఊపుతూ ఎడమచేత్తో తాడును వెనకూపుకు ఒకసారి, ముందూపుకు ఒకసారి గుంజే పద్ధతి అప్పటికే పోటీల్లో ఉంది. 1934లో మార్విన్ హెడ్జ్ దానితో దూరం రికార్డులు తిరగరాశాడు. ఉప్పునీటి వేటకు అది తప్పనిసరి అయింది. దాన్ని వేలమందికి నేర్పినవాడు మేరీలాండ్‌కు చెందిన లెఫ్టీ క్రే. 1950ల చివర చెసపీక్ బేలో అతను కట్టిన ‘డిసీవర్’ ఫ్లై, తోకకు పొడవాటి కోడి ఈకలు, మెడ దగ్గర జింక వెంట్రుకలతో, ఇప్పటికీ ఉప్పునీటికి కొత్తగా వచ్చినవారి డబ్బాలో ఉండే ఎర. 1991లో అమెరికా తపాలా శాఖ దాని బొమ్మతో స్టాంపు వేసింది.

టార్పన్‌కు వేరే విద్య అవసరమైంది. దాని నోరు గట్టి, దవడ గరుకు. సన్న దారాన్ని ఆకురాయిలా అరగదీస్తుంది. అందుకని ఫ్లై ముందు ఒక అడుగు లావు దారం కట్టడం అలవాటైంది. చేప పైకి ఎగిరినప్పుడు తాడు బిగిసి ఉంటే దాని బరువుకు తెగుతుంది. చేప గాలిలో ఉన్నంతసేపూ కర్రను దాని వైపు వంచి తాడు వదులుచేయాలి. ఇలా వంచడాన్ని బాగా ప్రచారం చేసినవాడు విమాన పైలట్, గైడు స్టూ ఆప్టీ. 1961లో అతను గెడ వేస్తున్న పడవలో బ్రూక్స్ 148 పౌన్ల పైచిలుకు టార్పన్ పట్టాడు. 1965లో ఏర్పడిన ఉప్పునీటి ఫ్లై వేటగాళ్ళ సంఘం దారం బలాన్ని బట్టి తరగతులు పెట్టి రికార్డులు నమోదు చేసింది. 1978లో ఆ బాధ్యత అంతర్జాతీయ గాలపు వేట సంఘం చేతికి పోయింది. గల్ఫ్ తీరాన హొమొసాసా దగ్గర 1982లో బిల్లీ పేట్ 188 పౌన్ల చేపను పట్టాడు. 200 పౌన్లు దాటడానికి 2001 దాకా ఆగవలసి వచ్చింది.

పడవలు కూడా మారాయి. 1970లలో మయామీ దగ్గరి బిస్కేన్ బే గైడు బిల్ కర్టిస్ ఇంజను పైన ఒక మంచె బిగించి దాని మీంచి గెడ వేయడం మొదలుపెట్టాడు. ఎత్తు నుంచి చూస్తే చేప ముందే కనబడుతుంది. ఇప్పుడు ఫ్లాట్స్ పడవకు ఆ మంచె లేకపోతే చూసేవారికి వెలితిగా ఉంటుంది. 1977లో కాలిఫోర్నియా వేటగాడు బాబ్ నాహీమ్ బహామాస్‌లోని ఆండ్రోస్ లంకలో గైడు చార్లీ స్మిత్ దగ్గర ఉండగా పుట్టిన ‘క్రేజీ చార్లీ’ ఫ్లై బోన్‌ఫిష్ వేటను సులువు చేసింది. అక్కడి నుంచి ఈ వేట పసిఫిక్‌లో క్రిస్మస్ ఐలండ్ దాకా పాకింది. పర్మిట్ మాత్రం చాలాకాలం లొంగలేదు. 1980లలో నూలు పోగులతో పీతలా కట్టిన ‘మెర్కిన్’ ఫ్లైతో డెల్ బ్రౌన్ ఆ చేపలను 500కు పైగా పట్టాడు.

ఈలోగా నీళ్ళే పాడయ్యాయి. ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల నుంచి ఫ్లోరిడా బేకు రావలసిన మంచినీటిని కాలువలు పక్కకు మళ్ళించాయి. 1987లో సముద్రపు గడ్డి వేల ఎకరాల్లో చనిపోవడం మొదలైంది. 2010 జనవరి చలికి చేపలు కుప్పలుగా తేలాయి. బోన్‌ఫిష్ గతంలోలా కనబడటం లేదని గైడ్లే ముందు గోల పెట్టారు. 1990ల చివర మొదలైన బోన్‌ఫిష్ అండ్ టార్పన్ ట్రస్ట్ చేపలకు గుర్తులు తగిలించి వదిలి వాటి రాకపోకలను లెక్కగడుతోంది. ఫ్లోరిడా ప్రభుత్వం టార్పన్‌ను ఉంచుకోవడానికి 1989లోనే డబ్బు కట్టి తీసుకునే చీటీ పెట్టింది. 2013 నాటికి బోన్‌ఫిష్, టార్పన్ రెండూ పట్టి వదలవలసిన చేపలయ్యాయి. టార్పన్ విషయంలో మాత్రం రికార్డు కోసం చీటీ తీసుకున్నవారికి మినహాయింపు ఉంది. 40 అంగుళాలు దాటిన టార్పన్‌ను ఫొటో కోసమైనా నీటి పైకి ఎత్తకూడదు. అందువల్ల గైడ్లు చేపను పడవ పక్కన నీటిలోనే పట్టుకుని, టేపుతో పొడవు, చుట్టుకొలత చూసి బరువు అంచనా కట్టి వదిలేస్తారు.