అతుకు మీద నిలిచిన బలం

1847 మే 24న చెస్టర్ వద్ద డీ నదిపై రాబర్ట్ స్టీఫెన్‌సన్ రూపొందించిన రైలు వంతెనలో పోత ఇనుప దూలం విరిగి ఐదుగురు మరణించారు. సంపీడనాన్ని సమర్థంగా భరించే ఆ లోహం లాగుడుకు గురైతే ముందస్తు సూచనైనా ఇవ్వక విరుగుతుందని ఆ దుర్ఘటన లోకానికి చాటింది. అయినా, దానికి ముందూ వెనుకా బ్రిటన్‌లో వెలసిన అనేక ఇనుప, ఉక్కు వంతెనలు, తమ నిర్మాతలు ఊహించని లారీల భారాన్ని మోస్తూ ఇరవయ్యవ శతాబ్దాంతం దాకా నిలిచాయి. వాటిని బలపరచడం సులభం కాదు: పోత ఇనుముకు వెల్డింగ్ నమ్మదగినది కాదు, బోల్టుల కోసం రంధ్రాలు తొలిస్తే ఉన్న బలమే తరుగుతుంది, ఉక్కు పలకలు చేర్చితే స్వభారం పెరుగుతుంది.

పరిష్కారం మొదట కాంక్రీటు రంగంలో రూపుదిద్దుకొంది. 1960లలో ఫార్న్‌బరో విమాన పరిశోధనాలయంలో మెరుగుపడిన కార్బన్ తంతువును, 1980లలో స్విట్జర్లాండ్‌లోని ఎంపా సంస్థలో ఉర్స్ మైయర్ వంతెనల మరమ్మతుకు ప్రతిపాదించారు. 1991లో లూసర్న్ సమీపంలోని ఈబాఖ్ వంతెన వద్ద, 175 కిలోల ఉక్కు చేయవలసిన పనిని, జిగురుతో అతికించిన 6.2 కిలోల కార్బన్ పట్టీలు నిర్వర్తించాయి.

ఈ విజయాన్ని లోహానికి యథాతథంగా అన్వయించడం మాత్రం సాధ్యం కాలేదు. కాంక్రీటు నుంచి పట్టీ ఊడితే సాధారణంగా కాంక్రీటు పొరే చీలి వెంట వస్తుంది. ఉక్కుమీద అయితే ఎపాక్సీ జిగురే అన్నిటికంటే దుర్బలం. పట్టీ కొసల వద్ద ప్రతిబలాలు కేంద్రీకృతమై అతుకును పైకెత్తజూస్తాయి గనుక ఆ కొసలను పలుచగా చెక్కవలసి వచ్చింది. కార్బన్ ఉక్కును తాకితే తేమలో విద్యుద్రసాయన క్షయం పుడుతుంది గనుక నడుమ గాజు తంతువుల పొర పరచవలసి వచ్చింది. ఉక్కు ఉపరితలాన్ని ఇసుకరజను వంటి రాపిడి రేణువుల ధారతో శుభ్రపరచడం అనివార్యమైంది. పైగా సాధారణ కార్బన్ పట్టీ దృఢత్వం ఉక్కు కంటే తక్కువ, పోత ఇనుము కంటే ఎక్కువ. ఈ పద్ధతి ముందుగా పోత ఇనుప వంతెనల మీద ఫలించడానికి ప్రధాన కారణం ఇదేనని నా అభిప్రాయం.

ఇంగ్లండ్‌లోని న్యూపోర్ట్ పాగ్నెల్‌లో ఉన్న 1810 నాటి టిక్‌ఫర్డ్ వంతెనకు 1999లో కార్బన్ తొడుగు వేశారు. దాని సన్నని కమానుల రూపం చెదరలేదు. మరుసటి ఏడాది అమెరికాలోని డెలావేర్‌లో, రహదారి వంతెన ఉక్కు దూలం ఒకదానికి పట్టీలు అతికించి పరీక్షించగా, దృఢత్వంలో పెరుగుదల నిజమే గాని పరిమితమని తేలింది.

అతుకుపట్ల సందేహం మాత్రం తొలగలేదు. వేసవి తాపానికే ఎపాక్సీ మెత్తబడగలదు; రివెట్ల తలలు, తుప్పు గుంటలు నిండిన పాత దూలంపై పట్టీ సమంగా కూర్చోదు. అందుకే, ఐఫెల్ సంస్థ నిర్మించిన వంతెన 1891లో కూలి డెబ్బై మందికి పైగా ప్రాణాలు బలిగొన్న స్విట్జర్లాండ్‌లోని మ్యూన్‌ఖెన్‌స్టైన్‌లో, దాని స్థానంలో వెలసిన రైలు వంతెన దూలాలను ఎంపా పరిశోధకులు జిగురు లేకుండా, బిగింపులతో పట్టి ముందే సాగదీసిన కార్బన్ పట్టీలతో బలపరిచారు.