సేనాని ఎద్రూసు

మెదకులో తెల్లరాతి చర్చి లేచుచున్న కాలమది. 1914లో మొదలైన పని 1924 క్రిస్మసునాటికి పూర్తయినది. కరవున కూలికి వచ్చినవారికి ఆ రాళ్లే అన్నము పెట్టినవి. ఆ ఏండ్లలోనే నిజాము రాజ్యము తన మనుషులను, గుర్రములను మరొక పనికి సముద్రము దాటించినది. హైదరాబాదు లాన్సర్లను అశ్వికదళము సూయజు కాలువను కాచి, పిమ్మట పాలస్తీనాలో తురుష్కసేనలతో పోరాడినది. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకమున నిలిచిన మూడు కంచువిగ్రహములలో ఒకటి ఆ రాజ్యపు రౌతులదే.

ఆ దళమున పనిచేసిన సయ్యదు అహమ్మదు అల్ ఎద్రూసును గూర్చి నేడు చెప్పనెంచినాము. 1899లో జన్మించిన ఈయన అరబ్బు వంశీకుడు. బ్రిటిషువారి ఓ.బి.ఇ. బిరుదు పొందినాడు, మేజరు జనరలై నిజాము సైన్యములకు అధిపతియైనాడు.

రెండవ యుద్ధము ఇంటి గుమ్మములోనికే వచ్చినది. 1948 సెప్టెంబరు 13న భారతసేనలు నలుదిక్కుల నుండి రాజ్యములో ప్రవేశించినవి. షోలాపూరు నుండి బయలుదేరిన ముఖ్యదళము నల్‌దుర్గము మీదుగా జహీరాబాదు దారి పట్టినది. (జహీరాబాదు అప్పుడు బీదరు జిల్లాలోనిది, 1956లో మెదకు జిల్లాలో చేరి, 2016లో సంగారెడ్డికి పోయినది.) టాంకులకు, విమానములకు ఎదురొడ్డగల సాధనములు ఎద్రూసు చేతిలో లేవు. అయిదవనాడు నిజాము దక్కన్ రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించినాడు. 1950లో ఆకాశవాణిలో కలిసిన కేంద్రమే అది. సెప్టెంబరు 18న ఎద్రూసు స్వయముగా ఎదురేగి, మేజరు జనరలు జె. ఎన్. చౌధురికి లొంగిపోయినాడు.

ప్రధానిగా ఉండిన మీర్ లాయక్ అలీ తరువాత వ్రాసిన గ్రంథములో సేనాని యుద్ధనిర్వహణను తప్పుపట్టినాడు. మాకు ఆ నింద న్యాయముగా తోచదు. గెలుపు లేదని తెలిసిన పిమ్మట ఇంకొక వారము పోరు సాగించియుండిన, కూలునవి సిపాయిల ప్రాణములు, దారిలోని పల్లెలు. రాజకీయపు మొండితనమునకు మూల్యము వారిచేత చెల్లించుట ఏ యుద్ధశాస్త్రము? అయినను ఒక ప్రశ్న ఆయనను విడువదు. అంతకుముందు రజాకార్లు పల్లెలపై పడి దోచుచున్నపుడు, రాజ్యమున ఆయుధబలమునకు పెద్ద అయినవాడు వారినేల అడ్డలేదు? లొంగుబాటునాటి వివేకము ఆనాడును కావలసియుండెను.

ఆయన మరణానంతరము వెలువడిన ఆత్మకథకు పేరు ‘ఏడు రొట్టెల హైదరాబాదు’ అను అర్థము వచ్చునట్లు పెట్టినారు. మొదటి ఆసఫ్‌జా ఒక సాధువు పెట్టిన కుల్చాలలో ఏడింటిని తిన్నాడనియు, అందుచేత ఏడు తరములు ఏలునని సాధువు పలికినాడనియు కథ. నిజాము పతాకము నడుమనుండిన గుండ్రని గురుతు ఆ కుల్చాయేనని చెప్పుదురు. ఎద్రూసు కొలిచినది ఏడవ నిజామును.