దివాణం నుంచి అఫిడవిట్ దాకా: మైలవరంలో సంపద, అధికారం

1802లో మద్రాసు ప్రభుత్వం శాశ్వత బందోబస్తు చట్టం తెచ్చింది. జమీందారు ఏటా కట్టాల్సిన పేష్కష్ ఎంతో రాసి సన్నదు (హక్కుపత్రం) చేతికిచ్చింది. అది కడుతున్నంత కాలం ఎస్టేటు నీది, నీ తర్వాత నీ కొడుకుది అంది. సరిగ్గా రెండు వందల ఏళ్లకు, 2002 మే 2న, చట్టసభకు పోటీ చేసే ప్రతి అభ్యర్థీ తన ఆస్తులూ అప్పులూ ఓటరుకు చెప్పి తీరాలని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మొదటి కాగితం ఏలేవాడికి ఆస్తి రాసిచ్చింది. రెండోది, ఏలడానికి వస్తున్నవాడికి ఆస్తి ఎంత ఉందో అడిగింది. ఈ రెండు కాగితాల మధ్య సంపదకూ అధికారానికీ ఉన్న బంధం తెగలేదు, తిరగబడింది. ఒకప్పుడు అధికారం ఉన్నవాడికి సంపద చేరేది. ఇప్పుడు సంపద ఉన్నవాడికి అధికారం దారి ఇస్తోంది. మధ్యలో కొద్ది కాలం మాత్రం రెండూ వేరుపడ్డాయి.

ఈ చరిత్ర చూడటానికి మైలవరం అనువైన చోటు. విజయవాడ దాటి ఇబ్రహీంపట్నం మీదుగా తిరువూరు వైపు వెళ్తుంటే కృష్ణా కాలువల పచ్చదనం వెనకబడి కొండపల్లి కొండలు మొదలవుతాయి. డెల్టా పక్కనే ఉండి డెల్టా కాని మెట్ట ప్రాంతం ఇది. బెజవాడ వాళ్లను వణికించే బుడమేరు పుట్టేది ఈ కొండల్లోనే. జమీందారీ, కమ్యూనిజం, తెలుగుదేశం, స్థిరాస్తి వ్యాపారం అన్నీ ఇక్కడ ఒకదాని తర్వాత ఒకటి తమ వంతు ఆడాయి.

ఏలుబడే ఆస్తి

1765లో మొగలు పాదుషా ఫర్మానాతో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీకి దక్కాయి. మరుసటి ఏడు జనరల్ కైలాడ్ సేనలు కొండపల్లి కోటను పట్టుకున్నాయి. అప్పటికి ఈ సీమలో నూజివీడు మేకావారు, మైలవరం సూరానేనివారు, అమరావతి వాసిరెడ్డివారు లాంటి జమీందార్లు నిలదొక్కుకుని ఉన్నారు. వారికి భూమి మీద ఇవాళ్టి అర్థంలో యాజమాన్యం లేదు. శిస్తు వసూలు చేసే హక్కు ఉండేది. ఆ హక్కును నిలబెట్టే సిబ్బందీ, మట్టికోటా, తగవులు తీర్చే చావడీ ఉండేవి. ఏలుబడి నుంచే ఆదాయం వచ్చేది. సిబ్బంది చెదిరిపోతే వసూలు ఆగేది, వసూలు ఆగితే దివాణం కూలేది.

కంపెనీ చేసిన పెద్ద మార్పు ఇక్కడే ఉంది. సాయుధ బలాన్ని తీసేసి శిస్తు హక్కును మాత్రం ఉంచింది. జమీందారు పాలకుడి నుంచి పన్ను బాకీదారుగా మారాడు. బాకీ పడితే ఎస్టేటు జప్తు, ఆపైన వేలం. పంతొమ్మిదో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి మచిలీపట్నం, గుంటూరు జిల్లాల్లో చాలా జమీందారీలు బకాయిల కింద సర్కారు చేతికి పోయాయి. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు వైభవం ఎంతటిదో ఈ ప్రాంతంలో కథలుగా చెప్పుకుంటారు. 1816లో ఆయన పోయాక ఇద్దరు దత్తపుత్రుల మధ్య మొదలైన వ్యాజ్యం ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి 1846లో గానీ తేలలేదు. అప్పటికి తగవు పడటానికి మిగిలింది తక్కువ. వెనక అధికారం లేని సంపదను కోర్టు ఖర్చులే తినేశాయి.

అధికారం జమీందారు నుంచి జారి ఎటు పోయింది? కలెక్టరుకు అనుకుంటాం. చరిత్రకారుడు రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ 1788–1848 మధ్య గుంటూరు జిల్లా రికార్డులు తిరగేసి వేరే సంగతి చూపించాడు. దొర సంతకం పెట్టేవాడు. లెక్కలు మాత్రం కచేరీలో శిరస్తాదారు దగ్గరా, ఊళ్లో కరణం దగ్గరా ఉండేవి. ఏ పొలం పండింది, ఏది బీడు, ఎవరికి మినహాయింపు అన్నది వాళ్ల కలం చెప్పినట్టు నడిచేది. భూమి ఎవరిదైనా దాని గురించి కాగితం రాసేవాడిదే పైచేయి అన్న పాఠం ఈ నేలకు అప్పుడే తెలిసింది.

ఆనకట్ట కింద కొత్త డబ్బు

1832–33 నాటి నందన కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. ఆ గాయం తర్వాత ఇంజనీరు కాటన్ పట్టుదలతో, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో 1852–55 మధ్య బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టారు. దివిసీమ నుంచి తెనాలి దాకా మాగాణి పెరిగింది. ధాన్యం అమ్మి మిగులు చూసిన రైతు పుట్టుకొచ్చాడు. ఈ డబ్బు దివాణాల నుంచి వచ్చింది కాదు, నీటి నుంచి వచ్చింది. అది రైసు మిల్లులుగా, బెజవాడ వ్యాపారంగా, పిల్లల ఇంగ్లీషు చదువుగా మారింది. 1923లో పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పెట్టేనాటికి పొదుపు చేయగల వర్గం డెల్టాలో ఒకటి సిద్ధంగా ఉంది. మైలవరానికి మాత్రం కాలువ రాలేదు. చెరువులూ, వానలూ, జమీందారీ శిస్తులే మిగిలాయి.

1919 సంస్కరణలు ఈ కొత్త డబ్బుకు రాజకీయ విలువ కట్టాయి. పల్లెల్లో భూమి శిస్తు కట్టేవాళ్లలో ఒక స్థాయి పైవారికే ఓటు. జమీందార్లకు వేరుగా ప్రత్యేక స్థానాలు. శిస్తు రసీదు ఉన్నవాడే పౌరుడు, కూలీ కాడు. సంపదే ఓటు హక్కు అని చట్టమే బాహాటంగా రాసుకున్న రోజులవి.

పాత జమీందార్లకు ఏలుబడి పోయి పరువు మిగిలింది. ఆ పరువును నిలుపుకోవడానికి కొందరు ధనాన్ని సంస్కృతి వైపు మళ్లించారు. అప్పట్లో కృష్ణా జిల్లాలోనే ఉన్న మునగాల రాజా నాయని వెంకటరంగారావు అండతో 1906లో విజ్ఞాన చంద్రికా మండలి వెలిసింది. మైలవరం జమీందారు పోషణలో నడిచిన బాలభారతీ నాటక సమాజం ‘మైలవరం కంపెనీ’గా పేరు మోసింది. యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి లాంటి నటులు ఆ రంగస్థలం మీద వెలిగారు. ఈ ఔదార్యాన్ని తక్కువ చేయనక్కర్లేదు. అయితే ఆ నాటకానికి పెట్టుబడి మెట్ట రైతు కట్టిన శిస్తు అన్న సంగతి కూడా మరవకూడదు.

విడిపోయిన రోజులు

1937 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలో 215 స్థానాలకు కాంగ్రెసు 159 గెలిచింది. మద్రాసు ప్రధానమంత్రిగా చేసిన బొబ్బిలి రాజా సొంత గడ్డ మీద కార్మిక నాయకుడు వి.వి.గిరి చేతిలో ఓడిపోయారు. జమీందారు ఓటమి సాధ్యమేనని తెలుగువాళ్లు కళ్లారా చూశారు. రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన కమిటీ జమీందారీ రైతుల గోడు విని నివేదిక ఇచ్చింది. ఎన్.జి.రంగా నాయకత్వంలో రైతు సంఘాలు పల్లెపల్లెనా పనిచేశాయి. చివరికి 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. జమీందారుకు పరిహారం, సొంత కమతాలు మిగిలాయి. వసూలు హక్కు పోయింది. 1802 నాటి సన్నదు చరిత్రలో కలిసింది.

నాలుగేళ్లకు వయోజనులందరి ఓటుతో ఎన్నికలు జరిగాయి. శిస్తు రసీదుతో పని లేకుండా పోయింది. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులు చిత్తుగా ఓడారు. 196 స్థానాల్లో వాళ్లకు దక్కినవి 15. ఆ పదిహేనులో మైలవరం ఒకటి. అక్కడ గెలిచిన వెల్లంకి విశ్వేశ్వరరావు 1962లోనూ గెలిచారు. దివాణం నీడ తొలగిన కొద్ది ఏళ్లకే ఆ మెట్ట ఎర్రజెండాను పదే పదే ఎన్నుకుంది.

ఆ తరం నాయకుల్లో సంపద అధికారానికి మెట్టు కావడం కన్నా, ప్రజాజీవితానికి ధార పోయడమే ఎక్కువగా కనిపిస్తుంది. ప్రకాశం బారిస్టరుగా మద్రాసులో గడించిన ఆస్తిని స్వరాజ్య పత్రికకూ ఉద్యమానికీ ధారపోసి, ముఖ్యమంత్రి అయి కూడా చేతిలో చిల్లిగవ్వ లేకుండా 1957లో కన్నుమూశారు. గన్నవరం నుంచి గెలిచిన పుచ్చలపల్లి సుందరయ్య పిత్రార్జితాన్ని పార్టీకి ఇచ్చేశారు.

అలాగని ఆ రోజులను పూలదండలతో అలంకరించి వదిలేయలేం. ఆంధ్ర కమ్యూనిస్టు నాయకత్వం డెల్టాలోని కలిగిన రైతు కుటుంబాల నుంచి, ముఖ్యంగా ఒక కులం నుంచి ఎదిగిందని సెలిగ్ హారిసన్ 1956లోనే వాదించాడు. త్యాగం చేయడానికి ముందు ఆస్తి ఉండాలి కదా. పక్కనున్న నూజివీడు మరో కథ చెబుతుంది. జమీందారీ పోయినా ఆ వంశానికి చెందిన ఎం.ఆర్.అప్పారావు కాంగ్రెసు తరఫున ఏళ్ల తరబడి శాసనసభ్యుడిగా, మంత్రిగా ఉన్నారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యారు. అదే వంశీయుడు మేకా ప్రతాప్ అప్పారావు 2019లో కూడా గెలిచారు. చట్టం ఎస్టేటును రద్దు చేయగలిగింది, ఇంటిపేరు మీద జనానికి ఉన్న అలవాటును రద్దు చేయలేకపోయింది.

పంట నుంచి పర్మిట్‌కు

1967లో నాగార్జునసాగర్ నీళ్లు విడుదలయ్యాయి. ఆ ఎడమ కాలువ మెట్టకు ఆశలు తెచ్చింది. అదే ఏడు మైలవరం చనమోలు వెంకటరావును ఎన్నుకుని కాంగ్రెసు వైపు మళ్లింది. 1973 భూసంస్కరణల చట్టం కమతాలకు పరిమితి పెట్టింది. మాగాణికి రకాన్ని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్టకు 35 నుంచి 54. పెద్ద కమతాలు కాగితాల మీద ముక్కలయ్యాయి. మిగులు సొమ్ము భూమిలో పెట్టడం తగ్గింది. సినిమాలు, కాంట్రాక్టులు, ఫైనాన్సు, ఆపైన విద్యాసంస్థలు వచ్చాయి.

1983లో తెలుగుదేశం రాష్ట్రంలో అధికారానికి వచ్చింది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణం పదవులను రద్దు చేసింది. లెక్క రాసేవాడి పెత్తనానికి అది పెద్ద దెబ్బ. కానీ ఆ పెత్తనం మాయం కాలేదు, పైకి జరిగింది. సారా పాట ఎవరికి, ఇసుక ఎవరికి, క్వారీ లీజు ఎవరికి, భూమార్పిడి అనుమతి ఎవరికి అన్న నిర్ణయాలు మండలంలో, జిల్లాలో, రాజధానిలో జరగసాగాయి. ఇబ్రహీంపట్నంలో 1979లో విద్యుత్తు మొదలుపెట్టిన థర్మల్ స్టేషను, విజయవాడ శివారు విస్తరణ, 2014 తర్వాత కృష్ణకు అవతల ఒడ్డున అమరావతి ప్రకటన ఈ కొండల చుట్టూ ఉన్న నేల ధరను పంటతో సంబంధం లేకుండా చేశాయి. ఎకరా ఎన్ని బస్తాలు ఇస్తుందన్న లెక్క పోయి, రోడ్డు ఎటు వస్తుందన్న లెక్క వచ్చింది. రోడ్డు ఎటు వస్తుందో ముందు తెలిసేది అధికారం దగ్గర ఉన్నవాడికి.

డబ్బు అమెరికా నుంచీ వచ్చింది. మైలవరం పక్క వెల్వడం నుంచి వెళ్లిన లకిరెడ్డి బాలిరెడ్డి బర్క్‌లీలో వందల అద్దె ఇళ్లకు యజమాని అయ్యాడు. మైలవరంలో 1998లో ఆయన పేరున ఇంజనీరింగు కళాశాల వెలిసింది. 2001లో అమెరికా కోర్టులో, మైనరు బాలికలను లైంగిక దోపిడీకి తరలించడంతో సహా కొన్ని నేరాలు ఒప్పుకుని ఎనిమిదేళ్లకు పైగా శిక్ష పొందాడు. ఏ పదవీ లేని ధనమే పేద కుటుంబాల మీద ఎంత పెత్తనం చేయగలదో ఆ కేసు చూపించింది. ఆ పెత్తనాన్ని ప్రశ్నించిన చట్టం ఊళ్లోది కాదు, బయటిది.

అఫిడవిట్ చెప్పేది, చెప్పనిది

ఇక రెండో కాగితం, అభ్యర్థి ఆస్తుల అఫిడవిట్. ముందుగా అది చెప్పనిది: ఎన్నికల ఖర్చు. శాసనసభ అభ్యర్థి ఎన్నికల ఖర్చు పరిమితిని పెద్ద రాష్ట్రాల్లో 2022లో 40 లక్షలకు, లోక్‌సభకు 95 లక్షలకు పెంచారు. పార్టీ చేసే ఖర్చుకు మాత్రం పరిమితి లేదు. 1974లో సుప్రీంకోర్టు పార్టీ ఖర్చును కూడా అభ్యర్థి లెక్కలో కలపాలని చెబితే, వెంటనే చట్టం సవరించి ఆ తీర్పును నీరుగార్చారు. 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లు దాత పేరునే దాచాయి. వాటిని 2024 ఫిబ్రవరి 15న కోర్టు కొట్టేసింది.

అఫిడవిట్లు వెల్లడించిన అంకెలు చిన్నవి కావు. 2024లో గుంటూరు నుంచి లోక్‌సభకు గెలిచిన పెమ్మసాని చంద్రశేఖర్ ప్రకటించిన కుటుంబ ఆస్తి 5,700 కోట్లకు పైమాటే. ఆ ఎన్నికల్లో దేశంలోకెల్లా ధనిక అభ్యర్థి ఆయనే. ఆస్తిని దాచకుండా చెప్పడం చట్టం కోరిన పనే, తప్పు కాదు. కానీ కోట్లు ఉండటం టికెట్టుకు అడ్డు కాకపోగా అర్హతలా మారిందన్నది ఆ అంకె చెప్పే సంగతి.

అదే ఏడు మైలవరంలో, టికెట్టుకు డబ్బే అర్హతా అన్న ప్రశ్న నేరుగా పోటీలోకి వచ్చింది. 2019లో వైఎస్సార్ కాంగ్రెసు తరఫున గెలిచిన వ్యాపారవేత్త వసంత కృష్ణప్రసాద్ తెలుగుదేశంలో చేరి నిలబడ్డారు. ఆయన తండ్రి వసంత నాగేశ్వరరావు ఎన్టీఆర్ ప్రభుత్వంలో హోంమంత్రి. ఎదురుగా వైఎస్సార్ కాంగ్రెసు జడ్పీటీసీ సభ్యుడు సర్నాల తిరుపతిరావును దింపి, సామాన్యుడికి టికెట్టు ఇచ్చామని చెప్పుకుంది. రాష్ట్రమంతా వీచిన గాలిలో కృష్ణప్రసాద్ గెలిచారు.

దీన్ని చూసి జనానికి డబ్బే కావాలని తేల్చేయడం తొందరపాటు. 1955 అభ్యర్థి వెనక ఏళ్ల తరబడి కట్టిన రైతు సంఘమూ, కూలి సంఘమూ, చందాలతో నడిచే పార్టీ శాఖలూ ఉన్నాయి. 2024లో సామాన్యుడు నిలబడింది అధినేత నిర్ణయంతో. అభ్యర్థి మారాడు, పార్టీ నడిచే పద్ధతి మారలేదు.

డబ్బు పట్టును చట్టం సడలించగలదు. బ్రిటన్‌లోనూ ఒకప్పుడు ఎన్నికలు విందులతో, నోట్లతో నడిచాయి. 1883లో ఖర్చుకు గట్టి పరిమితి పెట్టి, దాటితే సీటు పోతుందన్న చట్టం చేశాక ఖర్చు బాగా పడిపోయింది. 1911 నుంచి సభ్యులకు జీతం ఇవ్వడంతో డబ్బు లేనివాడికీ సభలో కూర్చునే వీలు కలిగింది. ఓటరు మనసు మారే దాకా అక్కడెవరూ ఆగలేదు.

మన దగ్గర మాత్రం నింద ఓటరు మీదికి పోతుంది, నోటు తీసుకున్నాడని. 1937లో బొబ్బిలి రాజాను ఓడించిందీ, 1955లో మైలవరంలో ప్రవాహానికి ఎదురీదిందీ ఆ ఓటరే. అప్పుడు అతని పక్కన రెండు ఉన్నాయి: హక్కులు మార్చిన చట్టం, సొంత జేబుతో పనిలేకుండా మనిషిని నిలబెట్టగల సంఘం. జమీందారీని రద్దు చేసినప్పుడు జమీందార్లను మంచివాళ్లు కమ్మని బతిమాలలేదు, వసూలు హక్కునే తీసేశారు. ఇవాళ ఆ స్థానంలో ఉన్నవి పార్టీల హద్దులేని ఖర్చూ, సొంత ఖర్చు భరించగలిగేవాడికే టికెట్టు ఇచ్చే ఆనవాయితీ. చట్టం చేయి పడాల్సింది వాటి మీద. అఫిడవిట్ సంపదను చూపిస్తుంది, దాని దారి మూయదు.