ఏడంతస్తుల మేడ ఒరిగిపోయిన కథ

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్లకి గేజి అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే చిన్నబండికి పట్టాల ఎడం రెండున్నర అడుగులు ఉండేది. పక్కనే మద్రాసు–హౌరా పెద్ద లైనుకి అయిదున్నర అడుగులు. నౌపడలో సరుకు ఒక బండిలోంచి దించి ఇంకో బండిలోకి ఎక్కించాల్సి వచ్చేది. కంప్యూటర్ల లోకంలో ఆ గేజినే ప్రోటోకాల్ అంటారు. అన్ని యంత్రాలకీ ఒకే గేజి వేద్దామని బయలుదేరి దారిలోనే ఆగిపోయిన ఓఎస్‌ఐ కథ ఇది.

మెయిన్‌ఫ్రేముల కాలంలో ఏ కంపెనీ పట్టాలు ఆ కంపెనీవే. ఐబీఎం 1974లో ఎస్‌ఎన్‌ఏ తెచ్చింది. మరుసటి ఏడు డిజిటల్ కంపెనీ డెక్‌నెట్ తెచ్చింది. యంత్రం ఎవరి దగ్గర కొంటే జీవితాంతం వాళ్ల భాషే మాట్లాడాలి. ఆ చెర విడిపించడానికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ పూనుకుంది. ఏళ్ల తరబడి చర్చించి 1984లో ఓఎస్‌ఐ అనే ఏడు పొరల నమూనాను ప్రమాణంగా ప్రకటించింది. ఏ కంపెనీకీ చెందని, అందరిదీ అయిన భాష. అంతకంటే న్యాయమైన ఆశయం ఏముంటుంది?

ఆ ఆశ మన దేశానికీ వచ్చింది. 1986లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో విద్యా, పరిశోధన సంస్థలను కలిపే ఎర్నెట్ మొదలైంది. తొలి ఎనిమిది సంస్థల్లో ఖరగ్‌పూర్ ఐఐటీ ఒకటి. ఎర్నెట్ అద్దె లైన్ల మీద ఓఎస్‌ఐ, దానికి పోటీ ప్రోటోకాల్ అయిన టీసీపీ/ఐపీ రెండూ నడిచాయి. ఆ లైన్ల వేగం తొలినాళ్లలో సెకనుకు 9,600 బిట్లు, అంటే పన్నెండు వందల ఇంగ్లీషు అక్షరాలు. అంత సన్నని దారిలో రెండు గేజిలు!

ఓఎస్‌ఐకి చేటు బయటి నుంచి రాలేదు. ముందుగా కనెక్షన్ కలిపాకే సమాచారం పంపాలని టెలిఫోన్ సంస్థలు పట్టుబట్టాయి. ఏ సమాచార పొట్లానికి ఆ పొట్లం విడిగా పోవాలని కంప్యూటర్ల వాళ్లు వాదించారు. ఎవరినీ నొప్పించలేక రెండింటినీ ప్రమాణంలో చేర్చారు. రవాణా పొర ఒక్కదానికే అయిదు తరగతులు పెట్టారు. చివరికి రెండూ ఓఎస్‌ఐ యంత్రాలే అయినా, ఒకటి ఒక తరగతినీ ఇంకొకటి వేరే తరగతినీ ఎంచుకుంటే పలకరించుకోలేని గతి పట్టింది. గేజి తేడా పోగొట్టడానికి పుట్టినదాని కడుపులోనే గేజి తేడా!

ఓఎస్‌ఐ ఈమెయిల్ చిరునామా చూడండి. దేశం, టపా నడిపే సంస్థ, దాని కింది విభాగం, ఉద్యోగం చేసే చోటు, ఇంటిపేరు, పేరు, ఇన్ని గడులు నింపాలి. అవతలి పక్షమైన టీసీపీ/ఐపీలో పేరు, ఒక గుర్తు, ఊరు. అంతే. ఓఎస్‌ఐ పత్రాలు అప్పట్లో డబ్బిచ్చి కొనుక్కోవాల్సి వచ్చేది. టీసీపీ/ఐపీ పత్రాలు ఉచితం. పైగా 1983 నుంచి బర్కిలీ యూనిక్స్‌తో పాటే దాని ప్రోగ్రామూ చేతికొచ్చేది. విస్తరి ముందు కూర్చున్నవాడు వంట అయ్యేదాకా ఎన్నాళ్లు ఆగుతాడు?

1990లో తన శాఖలన్నీ కొనే నెట్‌వర్క్ సరంజామాలో ఓఎస్‌ఐ ఉండాలని శాసించిన అమెరికా ప్రభుత్వం 1995లో ఆ నిబంధన సడలించింది. ఇంచుమించు ఆ ఏడు నుంచే ఎర్నెట్‌లో నడిచేదంతా దాదాపు టీసీపీ/ఐపీ అయిపోయింది. ఇద్దరితో మొదలైన ప్రయాణంలో ఒకరే మిగిలారు.

మేడ ఒరిగినా కొన్ని దూలాలు నిలిచాయి. బ్యాంకు వెబ్‌సైటు అసలుదేనని మన ఫోనుకి రుజువు చూపే ధ్రువపత్రం ఆ కుటుంబంలో పుట్టిన ఎక్స్.509 రూపంలోనే ఉంటుంది. ఇంజినీరింగ్ విద్యార్థులు ఇవాళ్టికీ ఆ ఏడు పొరలూ వల్లెవేసి పరీక్ష రాస్తున్నారు. వాళ్లకి పొరల పేర్లతో పాటు ఈ కథ కూడా చెప్పాలి. అందరి మేలూ కోరిన ప్రమాణమైనా, వేళకి జనం చేతికి అందకపోతే కాగితం మీదే మిగిలిపోతుంది.