ఎఫ్‌డీఐ అంటే ఏంటి? కోనసీమ తీరానికి 1994లోనే వచ్చిన విదేశీ పెట్టుబడి.. ఊళ్లకు మిగిలేదెంత?

విదేశీ పెట్టుబడి అనగానే పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ, విశాఖలో గూగుల్ డేటా సెంటర్ గుర్తొస్తాయి. కానీ కోనసీమ తీరానికి ఫారిన్ కంపెనీలు 1994లోనే వచ్చేశాయి. పలివెల నుంచి అమలాపురం మీదుగా సముద్రం వైపు వెళితే ఉప్పలగుప్తం మండలం ఎస్.యానాం వస్తుంది. సముద్రంలోని రవ్వ క్షేత్రం నుంచి వచ్చే చమురు, గ్యాస్ ఇక్కడి టెర్మినల్‌కే చేరతాయి. బయటి దేశపు డబ్బు ఎందుకొస్తుంది, దేనికి భయపడుతుంది, వచ్చాక స్థానికంగా ఏం మిగులుతుంది? ఈ ప్రశ్నలకు రవ్వ కథలోనే చాలావరకు జవాబులున్నాయి.

ముందు అసలు ఎఫ్‌డీఐ అంటే ఏంటో చూద్దాం. స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీలో విదేశీ ఇన్వెస్టర్ 10 శాతం లేదా అంతకంటే ఎక్కువ వాటా తీసుకుంటే అది ప్రత్యక్ష విదేశీ పెట్టుబడి, అంటే ఎఫ్‌డీఐ. అంతకంటే తక్కువైతే పోర్ట్‌ఫోలియో పెట్టుబడి కింద లెక్క. లిస్ట్ కాని కంపెనీలో అయితే ఎంత చిన్న వాటా అయినా ఎఫ్‌డీఐనే. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఇంటికి పంపే డబ్బు మాత్రం ఇందులోకి రాదు. కోనసీమలో ఇలాంటి డబ్బుతో కట్టిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. కానీ సర్కారు లెక్కల్లో ఆ డబ్బు ఎఫ్‌డీఐ కాదు.

ఇక రవ్వ విషయానికొస్తే.. ఇక్కడ చమురు ఉందని 1987లో కనిపెట్టింది మన ఓఎన్‌జీసీనే. అయితే సముద్రంలో బావులు వేయాలంటే భారీగా డబ్బు, టెక్నాలజీ కావాలి. 1991 నాటికి దేశం దగ్గర విదేశీ మారక నిల్వలు అడుగంటాయి. ఆ తర్వాత వచ్చిన సంస్కరణల్లో భాగంగా, అప్పటికే కనిపెట్టిన క్షేత్రాల్లో కొన్నింటిని ప్రైవేటు, విదేశీ కంపెనీలకూ తెరిచారు. అలా 1994 అక్టోబర్‌లో రవ్వకు 25 ఏళ్ల ఉత్పత్తి భాగస్వామ్య ఒప్పందం కుదిరింది. ఓఎన్‌జీసీకి 40 శాతం, వీడియోకాన్‌కు 25 శాతం, రవ్వ ఆయిల్ సింగపూర్‌కు 12.5 శాతం, ఆస్ట్రేలియాకు చెందిన కమాండ్ పెట్రోలియంకు 22.5 శాతం వాటాలు. 1996లో కమాండ్‌ను బ్రిటన్ కంపెనీ కెయిర్న్ ఎనర్జీ కొనేసి, రవ్వ నిర్వహణ చేపట్టింది. రోజుకు 3,700 బ్యారెళ్లున్న ఉత్పత్తి 1999కల్లా 50 వేలకు చేరింది. 2011లో కెయిర్న్ ఇండియా వేదాంత చేతికి వెళ్లింది. ఆ తర్వాత ఒప్పందాన్ని మరో పదేళ్లు పొడిగించారు.

ఈ ఒప్పందం పనిచేసే తీరు సింపులే. ముందు కంపెనీలు సొంత డబ్బు ఖర్చు పెడతాయి. చమురు అమ్మగా వచ్చిన సొమ్ములోంచి ఆ ఖర్చు తీసుకుంటాయి. మిగిలిన లాభాన్ని కేంద్రంతో పంచుకుంటాయి. అంటే కంపెనీ ఎంత ఎక్కువ ఖర్చు చూపిస్తే ప్రభుత్వానికి అంత తక్కువ మిగులుతుంది.

గొడవ మొదలైంది సరిగ్గా ఇక్కడే. క్షేత్రం అభివృద్ధికి అయిన ఖర్చులో దాదాపు 27.8 కోట్ల డాలర్లు తీసుకుంటామని కంపెనీలు అన్నాయి. 19.8 కోట్ల డాలర్లకు మించి కుదరదని కేంద్రం పట్టుబట్టింది. మలేషియాలోని కౌలాలంపూర్‌లో మధ్యవర్తుల ట్రిబ్యునల్ 2011లో కంపెనీల వైపు తీర్పిచ్చింది. దాన్ని అమలు చేయాల్సిందేనని మన సుప్రీంకోర్టు చెప్పేసరికి 2020 సెప్టెంబర్ వచ్చింది. దాదాపు పదేళ్లు!

అంతకంటే పెద్ద దెబ్బ పన్నుల రూపంలో తగిలింది. కెయిర్న్ 2006లో చేసుకున్న అంతర్గత షేర్ల మార్పిడి మీద, 2012లో చేసిన చట్ట సవరణ ఆధారంగా ఆదాయపు పన్ను శాఖ రూ.10,247 కోట్లు కట్టమంది. జరిగిపోయిన లావాదేవీకి తర్వాత వచ్చిన చట్టంతో పన్నేంటని కంపెనీ అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లింది. 2020 డిసెంబర్‌లో గెలిచింది. పారిస్‌లోని భారత ప్రభుత్వ ఆస్తుల మీద కోర్టు ఆర్డర్ తెచ్చుకునేదాకా వెళ్లింది వ్యవహారం. చివరికి 2021 ఆగస్టులో పార్లమెంటు ఆ పన్ను నిబంధనను వెనక్కి తీసుకుంది. 2022లో దాదాపు రూ.7,900 కోట్లు కెయిర్న్‌కు తిరిగిచ్చారు. పెట్టుబడుల సదస్సుల్లో ఎన్ని శాలువాలు కప్పినా, ఇన్వెస్టర్లు ముందుగా చూసేది ఇలాంటి కేసుల్నే.

మరి తీరం ఊళ్లకు ఏం మిగిలింది? ఇక్కడ చాలామందికి తెలియని పాయింట్ ఒకటుంది. నేల మీద తవ్విన చమురు బావి నుంచి వచ్చే రాయల్టీ రాష్ట్రానికి వెళుతుంది. సముద్రంలోని బావిదైతే రాష్ట్రానికి కాదు, కేంద్రానికే. రాజ్యాంగంలోని 297వ అధికరణ ప్రకారం సముద్ర గర్భంలోని సంపద కేంద్రానిదే. రవ్వ టెర్మినల్ ఎస్.యానాంలో ఉంది, బావులు మాత్రం సముద్రంలో ఉన్నాయి. తేడా అంతా అక్కడే వచ్చింది. పోనీ గనుల ప్రాంతాలకిచ్చే జిల్లా ఖనిజ నిధి వస్తుందా అంటే, ఆ చట్టం చమురు, గ్యాస్‌కు వర్తించదు. ఇక మిగిలింది కంపెనీల సీఎస్ఆర్. సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి, స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి అని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. ఫలానా ఊరికి ఇంత ఇవ్వాలని మాత్రం అందులో ఎక్కడా లేదు.

ఉద్యోగాల సంగతీ అంతే. చమురు రంగంలో పెట్టుబడి వేల కోట్లలో ఉంటుంది, మనుషుల అవసరం తక్కువ. కియా లెక్క వేరు. 2017లో 110 కోట్ల డాలర్లతో ఒప్పందం చేసుకుంది, 2019లో కార్లు బయటికొచ్చాయి. దాని వెంటే హ్యుందాయ్ మోబిస్ లాంటి కొరియా విడిభాగాల కంపెనీలూ వచ్చాయి. స్థానికంగా సరుకు, పని తీసుకునే పెట్టుబడికి, పైపులో గ్యాస్ పంపేసే పెట్టుబడికి తేడా ఇదే.

గోదావరి జిల్లాలకు ఆ తరహా పెట్టుబడి ఆక్వాలో కనిపిస్తుంది. కొవ్వూరులో రొయ్యల మేత తయారుచేసే అవంతి ఫీడ్స్‌లో థాయ్‌లాండ్ దిగ్గజం థాయ్ యూనియన్‌కు దాదాపు నాలుగో వంతు వాటా ఉంది. రొయ్యల ప్రాసెసింగ్ చేసే అవంతి ఫ్రోజెన్ ఫుడ్స్‌లో అయితే 40 శాతం. చెరువు రైతు దగ్గర మేత అమ్మకం, రొయ్యల కొనుగోలు.. రెండు చోట్లా ఆ డబ్బు ఉంది. దీనివల్ల మార్కెట్ దొరుకుతుంది. అయితే ధర చెప్పే చెయ్యి కూడా వాళ్లదే అవుతుందన్న భయం రైతులకు ఉంటే తప్పు పట్టలేం.

మరి పలివెల లాంటి ఊళ్లోకి ఫారిన్ డబ్బు నేరుగా రావొచ్చా? కొబ్బరి తోటలోకి రాకూడదు. మామూలు సాగులో ఎఫ్‌డీఐకి అనుమతి లేదు. తోటల్లో టీ, కాఫీ, రబ్బరు, యాలకులు, పామాయిల్, ఆలివ్‌లకు మాత్రమే మినహాయింపు ఉంది. కొబ్బరి ఆ జాబితాలో లేదు. అదే కొబ్బరి పీచు యూనిట్‌కో, కొబ్బరి నూనె, పొడి తయారుచేసే ఫ్యాక్టరీకో, రొయ్యల పెంపకానికో అయితే 100 శాతం ఆటోమేటిక్ రూట్. అంటే ఢిల్లీ పర్మిషన్ అక్కర్లేదు. ఇన్వెస్టర్ చైనా లాంటి సరిహద్దు దేశం వాళ్లయితే మాత్రం ప్రభుత్వ అనుమతి ఉండాలని 2020 ఏప్రిల్‌లో కేంద్రం రూల్ పెట్టింది.

పార్ట్‌నర్ దొరికితే కంపెనీ రిజిస్టర్ చేసి, డబ్బు బ్యాంకు ద్వారానే తెప్పించుకోవాలి. షేర్లు కేటాయించిన 30 రోజుల్లోగా ఆ వివరాలు రిజర్వ్ బ్యాంకుకు చేరాలి. లేటయితే లేట్ ఫీజు తప్పదు. అంతకంటే ముందు ఒప్పందంలో చూసుకోవాల్సింది ఒకటుంది.. ఖర్చుల లెక్క ఎవరు తేల్చాలి, గొడవొస్తే ఏ ఊళ్లో కూర్చుని మాట్లాడుకోవాలి. రవ్వలో పదేళ్లు పట్టింది ఆ లెక్క తేలడానికే.