పుట్టయందలి దేవతలు

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతమున ప్రొద్దుటూరు మొదలగు పల్లెలవారికి చిలుకూరు పొరుగూరివంటిది. అచ్చటి బాలాజీ కోవెల పుట్టుకను గూర్చి పెద్దలు చెప్పుకొను గాథ యిట్టిది: ఏటేట తిరుపతికి పోవుచుండిన భక్తుడొకడు వ్యాధిగ్రస్తుడై కదలలేకుండగా, స్వామి స్వప్నమున సాక్షాత్కరించి, తాను సమీపారణ్యమునందే యున్నానని తెలిపెనట, అతడు పోయి యచ్చటి పుట్టను గొడ్డలితో త్రవ్వగా, వేటు విగ్రహమునకు తగిలి నెత్తురు పారెనట, ఆవుపాలతో పుట్టను నింపుమని యశరీరవాణి పలుకగా, అట్లు చేసినంతట శ్రీదేవీభూదేవీసహితుడై స్వామి వెలువడెనట. తిరుమల స్థలపురాణమునందును పుట్టయు, పాలును, గొడ్డలివేటును కలవు. ఇది యనుకరణమని త్రోసివేయుటకంటె, దైవము మట్టిలోనుండియే పైకి వచ్చునని మనవారెంత గాఢముగా నమ్మిరో గ్రహించుట మేలు.

పల్లెపట్టున పుట్టలో పుట్టిన తల్లి ఎల్లమ్మ, రేణుకయు నామెయే. ఆమె కథను బైండ్లవారు జమిడిక వాయించుచు పాడుదురు. ఒకవైపు తోలు మూసిన గొట్టమును చంకనిఱికించుకొని, ఆ తోలు నడుమనుండి లాగి బిగించిన నరమును మీటినంతట, పలికెడి నాదము మాటవలెనే సాగి, తెగి, మరల సాగును. ఆ నాదమును విన్నవారు క్రీడాభిరామమును తెఱచిన ఆశ్చర్యపడక మానరు. ఓరుగల్లు వీథులలో మంచనశర్మయు, టిట్టిభసెట్టియు తిరుగాడిన ఆ కావ్యమున, ఏకవీరాదేవి యెదుట బవనీడొకడు వాద్యమును మ్రోయించుచు పరశురాముని కథలు పాడుచున్నాడు. ఏకవీర రేణుకయే, పరశురాముడామె కొడుకే, బవనీలే నేటి బైండ్లవారు! రాజ్యములు గతించినవి, కోటలు కూలినవి. ఆ కులమును, ఆ దేవతయు, ఆ పాటయు నిలిచినవి. శాసనములు చెప్పని చరిత్రను ఇట్టి కావ్యములనుండి త్రవ్వి తీయవచ్చునని 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో సురవరము ప్రతాపరెడ్డిగారు నిరూపించిరి. హంసవింశతివంటి శృంగారకథాకావ్యమును సయితము ఆయన జనజీవనమునకు సాక్ష్యముగా చదివిరి. ఆ చదువరితనము మనకింకను అలవడవలసియున్నది.

దేవత పాటలో వినబడుటయే కాదు, మనిషి నోటను పలుకును. ఆషాఢమున సికింద్రాబాదు ఉజ్జయినీ మహాకాళి బోనాలు ముగిసిన మఱునాడు, రంగమను వేడుకలో, ఒక స్త్రీ పచ్చికుండపై నిలిచి రాబోవు వానలను, పంటలను గూర్చి పలుకుచుండగా వేలకొలది జనులు ఊపిరి బిగబట్టి విందురు. విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలలో గణాచారి ఇట్టిదే. ఊరి ధర్మము సడలుచున్నదని హెచ్చరించు గొంతుక ఆమెది. వేయిపడగల పామును, గణాచారిని తీసివేసినచో ఆ నవల నిలువదు. తెలంగాణమున పల్లెలో పుట్టిన పి.వి. నరసింహారావుగారు దానిని సహస్రఫణ్ అను పేర హిందీలోనికి తెచ్చిరి.

బిరుదురాజు రామరాజుగారు జానపద గేయసాహిత్యమును పరిశోధించి ఉస్మానియాలో డాక్టరేటు పొందుటతో, వీథిపాటకు విశ్వవిద్యాలయమున ఆసనము లభించినది. అయినను ఎల్లమ్మకథ పాడువారిని బట్టి మాఱుచుండును. ఈ చేవెళ్ల పరిసరములందు జమిడిక మీటగలవారు బ్రదికియుండగనే వారి పాఠములను వారి నోటనే విని వ్రాసికొనవలెను.