సిస్టం విభాగములో ఖాళీ స్థలము ఏర్పరచుట

కంప్యూటరు డిస్కులో నిర్వహణ వ్యవస్థ, అనగా ఆపరేటింగ్ సిస్టం, స్థాపించబడి ఉన్న భాగమును సిస్టం విభాగము అంటారు. విండోస్ వాడే కంప్యూటర్లలో ఇది సాధారణముగా సి డ్రైవు. తొలినాటి కంప్యూటర్లలో ఎ, బి అను అక్షరములు ఫ్లాపీ డ్రైవులకు పోగా హార్డు డిస్కుకు సి దక్కినది. ఫ్లాపీలు మాయమైనా ఆ అక్షరము మారలేదు. యంత్రమును మేలుకొలుపుటకు మాత్రమే పనికివచ్చే మరొక చిన్న విభాగము కూడా డిస్కులో ఉంటుంది గాని, వాడుకలో సిస్టం విభాగమంటే సి డ్రైవే. ఇది నిండినప్పుడు తిరిగి ఖాళీ ఏర్పరచు పద్ధతులు, ఆ పనిలో విలువైన ఫైళ్ళు పోకుండా చూచుకొను విధము ఈ వ్యాసములో వివరింపబడినవి. ఇక్కడ చెప్పినవి ముఖ్యముగా విండోస్ 10, విండోస్ 11 లకు వర్తిస్తాయి.

నిండుటకు కారణములు

సి డ్రైవులో ఖాళీ 10 శాతము కంటే తగ్గితే దాని గుర్తు క్రింది పట్టీ ఎర్రబడుతుంది. తరువాత కంప్యూటరు నెమ్మదించుట, భద్రతకు సంబంధించిన నవీకరణలు విఫలమగుట, తెరచిన పత్రము భద్రము కాకపోవుట వంటి చిక్కులు మొదలవుతాయి.

మన దేశములో విడిభాగములు కొని కూర్చిన కంప్యూటర్లలో డిస్కును సి, డి, ఇ అని మూడు నాలుగు ముక్కలుగా విభజించి, సి ని చిన్నదిగా ఉంచుట చాలాకాలము వాడుకలో ఉన్నది. విండోస్ ఎక్స్‌పీ (2001) కాలములో, ఆ వ్యవస్థకు కావలసినది సుమారు 1.5 గిగాబైట్లే కనుక, అది సరిపోయేది. విండోస్ 11 (2021) స్థాపనకు కనీసము 64 గిగాబైట్ల డిస్కు కావలెను. అందుచేత డి ఖాళీగా ఉండగానే సి నిండిపోవుట తరచుగా కనిపిస్తుంది. ఇప్పటి చాలా ల్యాప్‌టాపులలో 256 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డి ఒక్కటే ఉంటుంది. దానిని విండోస్ 238 అని చూపుటలో మోసమేమీ లేదు. తయారీదారు గిగాబైటును 100 కోట్ల బైట్లుగా లెక్కిస్తే, విండోస్ 107 కోట్లకు పైగా లెక్కిస్తుంది.

మరొక కారణము డెస్క్‌టాప్. తెరపై కనిపించుటచేత అది ఎక్కడో విడిగా ఉన్నదని పలువురు భావిస్తారు. నిజమునకు అది సి డ్రైవులోని ఒక ఫోల్డరు. డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ కూడా అంతే. పెళ్ళి వీడియోను డౌన్‌లోడ్స్ నుండి డెస్క్‌టాప్‌కు జరిపినచో ఒక్క బైటు కూడా మిగలదు.

తొలగించుటకు ముందు

సిస్టం విభాగములోని ఫైళ్ళకు యజమానులు ఇద్దరు. కొన్ని వ్యవస్థవి, కొన్ని వాడుకరివి. వ్యవస్థ తనవి పోగొట్టుకొన్నచో విండోస్‌ను మరల స్థాపించుకొనవచ్చును. వాడుకరి వ్రాసుకొన్న సిద్ధాంత గ్రంథము, గతించిన పెద్దల ఛాయాచిత్రములు మరల రావు. కనుక వాడుకరి ఫైళ్ళకు వేరొక డిస్కుపై ప్రతి తీయక మునుపు ఏదియు తొలగించరాదు. అదే డిస్కులోని డి విభాగము మీది ప్రతి చాలదు. డిస్కు చెడినచో రెండూ ఒకేసారి పోతాయి. పాత హార్డు డిస్కులలో తొలగించిన ఫైలును ప్రత్యేక ప్రోగ్రాములతో కొన్నిసార్లు వెలికితీయుట సాధ్యమయ్యేది. ఎస్‌ఎస్‌డిలలో ట్రిమ్ అను ఏర్పాటు వలన తొలగించిన భాగములు త్వరలోనే తుడిచివేయబడతాయి కనుక ఆ ఆశ దాదాపు లేదు.

స్థలమును ఏది ఆక్రమించినదో సెట్టింగులలో సిస్టం, ఆపైన స్టోరేజ్ అను పుటలో చూడవచ్చును. చూడకుండా కనిపించినదెల్లా చెరపివేయుట వలన పది మెగాబైట్లు లభించి, పనికివచ్చే ఫైలు ఒకటి పోవుట జరుగుతుంది.

నిరపాయముగా తొలగించదగినవి

రీసైకిల్ బిన్ ప్రతి విభాగమునకు వేరుగా ఉంటుంది. సి నుండి తొలగించిన ఫైలు ఆ బుట్టను ఖాళీ చేయువరకు సి లోనే ఉంటుంది. తాత్కాలిక ఫైళ్ళు, నవీకరణల అవశేషములు, బ్రౌజరు దాచుకొన్న పుటల ప్రతులు కూడా తొలగించవచ్చును. వీటికి విండోస్ 98 నాటి నుండి డిస్క్ క్లీనప్ అను పరికరము ఉన్నది. విండోస్ 10 లో స్టోరేజ్ సెన్స్ అనునది చేరి, ఇదే పనిని నియమిత కాలములలో తానే చేయగలుగుతున్నది. 2018 చివర వచ్చిన 1809 కూర్పులో డిస్క్ క్లీనప్ జాబితాలో డౌన్‌లోడ్స్ ఫోల్డరును కూడా చేర్చి, తరువాత 2004 అను సంఖ్య గల కూర్పులో తీసివేసినారు. స్టోరేజ్ సెన్స్‌లో ఆ ఎంపిక నేటికీ ఉన్నది, కాని మనము కోరనిదే అది పనిచేయదు. ప్రతి వరుసను చదివిన పిదపనే గుర్తు పెట్టవలెను.

విండోస్.ఓల్డ్ అను ఫోల్డరు అనేక గిగాబైట్లు ఉంటుంది. కొత్త కూర్పునకు మారినప్పుడు పాతది అందులో నిలువ ఉండి, సాధారణముగా 10 దినముల తరువాత దానంతట అదే పోతుంది. ఐతే డిస్కును ఫార్మాట్ చేయకుండా విండోస్‌ను కొత్తగా స్థాపించినప్పుడు వాడుకరి పాత పత్రములు కూడా ఈ ఫోల్డరులోకే వెళ్తాయి. దానిలోని యూజర్స్ ఫోల్డరును తెరచి చూడకుండా తొలగించరాదు.

హైబర్‌ఫిల్.సిస్ అను దాగి ఉన్న ఫైలు సాధారణముగా ర్యామ్ పరిమాణములో 40 శాతము ఉంటుంది. 16 గిగాబైట్ల ర్యామ్ ఉన్నచో ఇది 6 గిగాబైట్లకు పైమాటే. కమాండ్ ప్రాంప్ట్‌లో నిద్రాణస్థితిని, అనగా హైబర్నేషన్‌ను, నిలిపివేసినచో ఈ ఫైలు పోతుంది. కంప్యూటరు త్వరగా ప్రారంభమగు సౌకర్యము కూడా దానితోపాటే పోతుంది. బ్యాటరీ అయిపోవునప్పుడు తెరచి ఉన్న పనిని నిలుపునది నిద్రాణస్థితియే కాబట్టి, ల్యాప్‌టాపులలో దీనిని కదపకుండుట మేలు.

చేతితో తాకరానివి

విండోస్ ఫోల్డరులో ఉండే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ చాలా పెద్దదిగా కనిపించి కంటగింపవుతుంది. అందులోని అనేక ఫైళ్ళు ఇతర ఫోల్డర్లలోని ఫైళ్ళకు మరొక పేరు మాత్రమే; ఒకే ఫైలు రెండుమార్లు లెక్కకు వచ్చుటచే అంత పెద్దదిగా తోస్తుంది. దీనిని చేతితో చెరపినచో విండోస్ లేవకపోవచ్చును. తగ్గింపదగినంత మేరకు డిస్క్ క్లీనప్‌లోని సిస్టం ఫైళ్ళ భాగమే తగ్గిస్తుంది. ఇన్‌స్టాలర్ అను ఫోల్డరును చెరపినచో తరువాత ప్రోగ్రాములను తొలగించుట గాని నవీకరించుట గాని సాధ్యము కాకపోవచ్చును. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఫోల్డరును డి కి జరిపితే ఆ ప్రోగ్రాము పనిచేయదు. దానిని సరియైన పద్ధతిలో తొలగించి డి లో మరల స్థాపించవలెను.

ఫాంట్లను తొలగించి స్థలము సంపాదించవలెననుకొనుట కూడా వృథా. గౌతమి, వాణి అను తెలుగు ఫాంట్లు విండోస్ 10 నుండి ఐచ్ఛిక భాగముగా ఉన్నవి. వాటిని తీసివేసినచో మిగులునది స్వల్పము; వాటితో కూర్చిన పాత పత్రములు మాత్రము వేరొక ఫాంటులో తెరచుకొని పుటల అమరిక చెదిరిపోతుంది.

పత్రములను వేరొక విభాగమునకు మార్చుట

డి లో చోటు ఉన్నచో ఇది శాశ్వతమైన మార్గము. డాక్యుమెంట్స్ ఫోల్డరుపై కుడి నొక్కు నొక్కి, ప్రాపర్టీస్‌లోని లొకేషన్ అను చోట డి లోని ఫోల్డరును చూపవలెను. పాత ఫైళ్ళను కూడా తరలించవలెనా అని విండోస్ అడుగుతుంది. అవునని చెప్పి, పిదప పాత చోటు నిజముగా ఖాళీ అయినదా అని చూడవలెను.

ఇది చాదస్తము కాదు. పైన పేర్కొన్న 1809 కూర్పును మైక్రోసాఫ్ట్ 2018 అక్టోబరు 2న విడుదల చేసి, కొందరి పత్రములు మాయమైనవని ఫిర్యాదులు రాగా 6వ తేదీన నిలిపివేసింది. ఫోల్డరు స్థానమును మార్చుకొని, పాత ఫోల్డరులో కొన్ని ఫైళ్ళను అలాగే వదలినవారికి ఈ నష్టము కలిగినది. నవీకరణ ఆ పాత ఫోల్డరును వ్యర్థమని తలచి అందులోని ఫైళ్ళతో సహా చెరపివేసింది. లోపము సరిదిద్దిన కూర్పు నవంబరు 13న వెలువడినది.

వన్‌డ్రైవ్ వాడువారు మరొకటి గమనించవలెను. ఆ ఫోల్డరులో ఫైలును తొలగించినచో దూరాన సర్వరులోని ప్రతి కూడా తొలగుతుంది. స్థలము మాత్రమే కావలసినప్పుడు ఫైలుపై కుడి నొక్కు నొక్కి ఫ్రీ అప్ స్పేస్ అనుదానిని ఎంచుకొనవలెను.

విభాగమును పెంచుట

డిస్క్ మేనేజ్‌మెంట్ ద్వారా సి ని పెంచవలెనన్నచో, కేటాయింపని స్థలము సి కి వెంటనే కుడివైపున ఉండవలెను. డి ని కుదించినచో ఖాళీ డి చివర ఏర్పడుతుంది గనుక సి కి అందదు. మధ్యలో రికవరీ విభాగము ఉన్నప్పుడు కూడా ఇదే ఇబ్బంది. డి ని పూర్తిగా తొలగించినచో అందులోని సమస్తమూ పోతుంది. విభాగములను జరుపగల ఇతర ప్రోగ్రాములు ఉన్నవి. వాటి పని మధ్యలో విద్యుత్తు పోతే రెండు విభాగములకూ ప్రమాదము కనుక బ్యాటరీ గాని యూపీఎస్ గాని లేకుండా మొదలుపెట్టరాదు. బిట్‌లాకర్‌తో భద్రపరచిన డిస్కు అయితే దాని రికవరీ కీని ముందుగానే కాగితముపై వ్రాసి ఉంచుకొనవలెను.